వీధంతా వినేలా

మొన్న పోర్ట్‌బ్లెయిర్ నుంచి రంగత్ వచ్చే తొలి బస్సులో ఒకావిడ ఫెరార్గంజ్‌లో ఎక్కింది. కూర్చుందో లేదో ఫోను తీసి స్పీకరు పెట్టింది. అవతల ఉన్నది కోడలనుకుంటాను. గ్యాసు సిలిండరు గురించి, బియ్యంలో పురుగుల గురించి, ఎవరి నిశ్చితార్థానికో కట్టుకెళ్లిన చీర గురించి బస్సంతటికీ సమాచారం అందుతోంది. పక్క సీటాయన విసుక్కున్నాడు. వెనకాల కూర్చున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. జిర్కటాంగ్ చేరితే ఎలాగూ టవరు పోతుంది, అక్కణ్ణించి అడవి దాటేదాకా ఎవరి ఫోనూ పలకదు, కాస్త ఓపిక పట్టండని కండక్టరు సర్దిచెబుతున్నాడు. నేను మాత్రం సీట్లోంచి లేచి మరీ ఆవిడ మొహం చూశాను. మా పెద్దమ్మ పోయి ఏడాది దాటిందని తెలిసీ చూశాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి సొంత అక్క. పోర్ట్‌బ్లెయిర్‌లోనే డిగ్నాబాద్‌లో ఉండేది. పెదనాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయాడట, నాకు ఆయన ఫోటోగానే తెలుసు. ఆయన ఉద్యోగం బదులు అదే డిపార్టుమెంటు ఆఫీసులో పెద్దమ్మకి ప్యూను పని ఇచ్చారు. పిల్లల్లేరు. రంగత్ బజారు దాటి ఇంకా లోపలికి వెళ్తే మా ఊరు. ఇంటర్ అయ్యాక డిగ్రీ చదవాలంటే పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాల్సిందే కాబట్టి, అమ్మ నన్నూ, ఒక ట్రంకుపెట్టెనూ, ఎండుచేపల మూటనూ బస్సెక్కించి పెద్దమ్మ దగ్గరికి పంపేసింది.

ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అరచేతిలో ప్రసాదంలా వెల్లకిలా పెట్టుకుని, మొహానికి మూరెడు దూరంలో పట్టుకుని మాట్లాడేది. ఇంట్లో టవరు బాగానే ఉన్నా సరే, ఫోను మోగిందంటే ఎంత పనిలో ఉన్నా చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ వరండాలోకి వచ్చేది. పొయ్యి మీద పోపు మాడినా వచ్చేది. వచ్చి గేటు దగ్గర నిలబడి, "ఆఁ, చెప్పు" అనేది. ఆ ఒక్క మాటకే ఎదురింటి మామ్మ అరుగు మీద సర్దుక్కూర్చునేది.

"కాస్త నెమ్మదిగా మాట్లాడొచ్చు కదా పెద్దమ్మా" అని నేనొకసారి అన్నాను.

"మాటంటే వినబడాలి. వినబడనిదాన్ని మాటంటారేటి?" అంది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు, మనిషి దిట్టంగా ఉండేది, ఆ మాట అని ఊరుకుంటే దాని మీద ఇంక అప్పీలు లేదన్నట్టే ఉండేది.

కొత్తవాళ్లు కనిపిస్తే మన పెద్దవాళ్లు మీదే ఊరు, మీరెవరి తాలూకు అని అడుగుతారు. పెద్దమ్మ మీది ఏ సిమ్ము అని అడిగేది. బస్సులో, జెట్టీ దగ్గర, ఆస్పత్రి వరసలో, ఎవరి ఫోను మోగినా మెడ సాచి, "భయ్యా, కౌన్సా సిమ్? టవరు ఎన్ని గీతలు చూపిస్తన్నాది?" అనేది. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన టీచర్ల భార్యల్ని ఆపి, ఫలానా సిమ్ము బజార్లో పరిగెడతాది, ఇంట్లో పడుకుంటాది అని చెప్పేది. వాళ్లు మర్యాదకి తలూపి వెళ్లిపోయేవాళ్లు. పక్కనున్న నేను, ఈవిడెవరో నాకు తెలీదన్నట్టు షాపుల బోర్డులు చదువుకునేదాన్ని. హిందీ బోర్డు, ఇంగ్లీషు బోర్డు, చివరికి కిందనున్న చిన్న అక్షరాలు కూడా.

సముద్రం అడుగునుంచి కేబుల్ వచ్చాక మా దీవుల్లో నెట్టు కాస్త ప్రాణం పోసుకున్న రోజులవి. అంతకుముందు ఒక ఫోటో ఫోనులోకి డౌన్‌లోడ్ కావాలంటే అన్నం వండుకు తినేంత సేపు పట్టేది. కేబుల్ రాగానే పోర్ట్‌బ్లెయిర్ కుర్రకారంతా ప్రైవేటు సిమ్ములకి ఎగబడ్డారు. లోపలి ఊళ్లలో మాత్రం ఇంకా సర్కారు టవరే దిక్కు. నా దగ్గర మా మేనమామ వాడి వదిలేసిన ఫోనుండేది, అద్దం మీద గీతతో. అందులో సిమ్ము లేదు. మా కాలేజీలో కొన్ని క్లాసులు పొద్దున్నే, పెద్దమ్మ ఆఫీసుకి వెళ్లకముందే, ఆన్‌లైన్లో పెట్టేవాళ్లు. పెద్దమ్మ ఫోనులో ఉన్న సర్కారు సిమ్ము నెట్టుని హాట్‌స్పాటుగా పంచుకుని నేను నా చదువు లాగించాలి.

హాట్‌స్పాటు ఒకచోట ఉండేదైతే బాధ లేదు. పెద్దమ్మ ఎటు వెళ్తే అదీ అటు వెళ్లేది. ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్తే నా లెక్చరరు బొమ్మలా బిగుసుకుపోయేవాడు. ఆవిడ తిరిగొస్తే మళ్లీ నోరు తెరిచేవాడు. చేపలమ్మి కేక వినబడిందంటే నా గుండె జారిపోయేది, ఎందుకంటే పెద్దమ్మ బేరం తెమిలేసరికి క్లాసులో సగం పాఠం అయిపోయేది. బుర్ర గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

తల కొట్టేసినట్టయిన రోజు ఇంకొకటుంది. ఆన్‌లైన్ క్లాసులో సర్ ఏదో ప్రశ్న అడిగి నన్ను చెప్పమన్నారు. నేను మైకు ఆన్ చేశాను. అదే క్షణంలో వరండాలో పెద్దమ్మ ఫోను మోగింది. ఆవిడ ఆఫీసులో పనిచేసే ఇంకొకావిడ, స్పీకరులో, రొయ్యలు తిన్నప్పటి నుంచి తన కడుపు పడుతున్న అవస్థ పూసగుచ్చినట్టు చెప్పడం మొదలెట్టింది. పెద్దమ్మ అంతకంటే గట్టిగా, "నీళ్లలాగెల్తందా, కాస్త గట్టిగానేనా?" అని అడిగింది. క్లాసంతా విన్నారు. సర్ దగ్గి, "నెక్స్ట్" అన్నారు.

మర్నాడు కాలేజీలో ప్రియ అరచెయ్యి వెల్లకిలా చాపి, మొహానికి మూరెడు దూరంలో పెట్టుకుని, "ఆఁ, చెప్పు" అంది. ప్రియ నా క్లాసే, వాళ్ల నాన్న సర్కారు ఉద్యోగి, తెలుగువాళ్లే. పిల్ల చెడ్డది కాదు, మిమిక్రీ మాత్రం ప్రాణం తీసేలా చేస్తుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. ఇంటికొచ్చి పెద్దమ్మతో మాట్లాడకుండా అన్నం తిన్నాను. ఆవిడ, "ఏటే గుంటా, వొంట్లో బాగోలేదేటి?" అని నుదురు పట్టుకు చూసింది. ఆ చెయ్యి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది.

అప్పుడే పట్టుపట్టాను. నాకు విడిగా సిమ్ము కావాలి. ప్రైవేటు సిమ్ము, రోజువారీ డేటా ఉన్న ప్లాను. నా నంబరు, నా నెట్టు. నా మాటలు వీధి వినకూడదు. బయటికి చదువు కోసమని చెప్పాను గానీ అసలు కోరిక ఆ చివరిదే.

అమ్మ వద్దంది. అక్క ఫోనుండగా ఆడపిల్లకి వేరే ఫోనెందుకని ఆవిడ వాదన. పెద్దమ్మ అమ్మలా వద్దనలేదు, సర్కారు సిమ్మే తీసుకోమంది. "నువ్వడిగే సిమ్ము ఇక్కడ గుర్రమే. సెలవులకి మీ ఊరెల్తే చచ్చిన చేప. దారిలో బస్సు ఆగిపోతే ఎవరికి చెప్పుకుంటావు?" అంది. ఆ మాటలో న్యాయముంది. ఆ న్యాయానికే నాకు ఒళ్లు మండింది.

అక్కడితో ఆగితే ఆవిడ మా పెద్దమ్మెందుకవుతుంది? మా గుంటకి ఏ ప్లానైతే బాగుంటాదో చెప్పండని వీధిలో అభిప్రాయ సేకరణ మొదలెట్టింది. పాలబ్బాయి ఒకటి చెప్పాడు. మేం బౌదీ అని పిలిచే పక్కింటి బెంగాలీ వదిన ఇంకొకటి చెప్పింది. ఎదురింటి మామ్మకి ఫోనే లేదు, అయినా రాత్రిపూట ఫ్రీ ఉన్న ప్లాను మాత్రం వద్దంది. ఆఫీసులో ఆవిడ పెద్ద సార్ని కూడా అడిగిందట. నా మాటలు వీధి వినకూడదని సిమ్ము అడిగితే, ఆ సిమ్ము సంగతి వీధితో పాటు ఆఫీసుకీ తెలిసిపోయింది. నేను గేటు దాటితే చాలు, "ఏమ్మా, తీసుకున్నావా? ఎన్నాళ్ల వ్యాలిడిటీ?" అని పరామర్శలు.

ఒక శనివారం నన్ను బజారుకి తీసుకెళ్లింది. అబర్డీన్ బజార్లో ఇరుకు షాపు, అన్ని కంపెనీల సిమ్ములూ అక్కడే దొరుకుతాయి. కౌంటర్లో లావుపాటి కళ్లజోడు మనిషి. జీతాల రోజులేమో, రీఛార్జి కోసం జనం గుమ్మం దాకా ఉన్నారు. లోపల ఫోను కవర్లు చూస్తూ ప్రియ కనిపించింది. నన్ను చూసి చెయ్యి ఊపింది, నా వెనక పెద్దమ్మని చూసి కళ్లు మెరిపించింది. నాకు అక్కడే భూమి చీలితే బాగుండుననిపించింది.

పెద్దమ్మ కౌంటరు మీద మోచేతులు ఆనించి విచారణ మొదలెట్టింది. రోజు డేటా అయిపోతే ఫోను చచ్చిపోతాదా, నత్తలా నడుస్తాదా? ఇరవై ఎనిమిది రోజుల్నే నెలంటారు, మరి మిగిలిన రోజులు ఎవడు మింగుతన్నాడు? ప్యాకు అయిపోతే వచ్చే ఫోన్లు కూడా ఆగిపోతాయేటి? కళ్లజోడాయన మొదట ఓపిగ్గా చెప్పాడు, తర్వాత వెనకున్న వాళ్ల వంక చూపిస్తూ చెప్పాడు. ఎవరో, "జల్దీ కరో ఆంటీ" అన్నారు. "కర్తీ హూఁ బాబూ, మీ అమ్మయినా ఇలాగే అడగాల" అంది వెనక్కి తిరక్కుండానే.

చివరికి అసలు ప్రశ్న వేసింది. రంగత్ లోపలికి ఈ కంపెనీ టవరు వచ్చిందా లేదా? కళ్లజోడాయన, వస్తోందని విన్నానన్నాడు. "విన్నమాట ఎందుకు, కన్నమాట కనుక్కుందాం" అని పెద్దమ్మ తన ఫోను తీసి అమ్మకి కొట్టింది. స్పీకరు పెట్టింది, ఫోనుని కౌంటరు మీద కళ్లజోడాయన ముందు పెట్టింది, ఆయన కూడా వినాలి కదా.

"ఏమే, మీ కాడ కొత్త టవరు వచ్చిందేటి?"

"వస్తే ఏంటి, రాకపోతే ఏంటక్కా? దానికి విడిగా ఫోనొద్దని చెప్పాను కదా." అమ్మ గొంతు షాపంతా నిండింది.

"చదువుకుంటాది."

"చదువు నీ ఫోనులో చదవమను. తలుపేసుకుని ఎవరితో మాట్లాడుతుందో నీకెలా తెలుస్తుంది? రేపు నలుగురూ దాన్నొక మాటంటే? నీ సంగతి అప్పుడే మర్చిపోయావా?"

"ఇప్పుడదెందుకే" అని పెద్దమ్మ ఫోనుని చేతిలోకి తీసుకుంది. అమ్మ ఆగలేదు. తన గొంతు స్పీకరులో పడుతోందని ఆవిడకేం తెలుసు, చెల్లెలు అక్కతో మాట్లాడుకున్నట్టే మాట్లాడింది.

"బావ పోయిన ఏడాది తిరక్కముందే, గదిలో కూర్చుని నువ్వు నాతో ఫోను మాట్లాడుతుంటే, ఎవడితోనో గుసగుసలాడుతోందని నీ మరిది నిన్ను జుట్టు పట్టుకుని వీధిలోకి లాగలేదా? అందరి ముందూ స్పీకరు పెట్టించాడు కదా. అవతలున్నది నేనేనని, సొంత చెల్లెల్నని నేను ఏడుస్తూ చెబితే గానీ నిన్ను వదల్లేదు కదా అక్కా. నా కూతురికి కూడా ఆ గతి..."

పెద్దమ్మ స్పీకరు ఆపాలని చూసింది. ఆపడం ఆవిడకి చేతకాలేదు. అన్నేళ్లలో ఎప్పుడూ ఆపలేదు, ఏది నొక్కాలో తెలీదు. బొటనవేలితో తెర మీద అక్కడా ఇక్కడా పొడుస్తోంది. అమ్మ గొంతు ఇంకా వస్తూనే ఉంది. షాపులో అందరూ ఇటే చూస్తున్నారు, తెలుగు రానివాళ్లు కూడా. నేను చెయ్యి చాపి స్పీకరు గుర్తు మీద నొక్కాను.

అప్పుడు పెద్దమ్మ ఫోనుని చెవికి ఆనించుకుంది. కొత్తగా ఫోను పట్టినవాళ్లలా గట్టిగా అదుముకుని, గోడ వైపు తిరిగింది. కాసేపు విన్నది. తర్వాత నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో, "అందుకే దీనికి సిమ్ము తీస్తన్నానే" అంది. పెట్టేసింది.

నాకెంత సిగ్గేసిందో చెప్పలేను. అది ప్రియ విన్నందుకా, అమ్మ అలా అన్నందుకా, ఆవిడ గేటు దగ్గర నిలబడి మాట్లాడిన ప్రతిసారీ నేను లోపల పళ్లు కొరుక్కున్నందుకా, విడదీసి చూసుకునే తెలివి అప్పుడు లేదు. తల వంచుకుని అద్దాల బల్లలో ఉన్న ఛార్జర్లు చూస్తూ నిలబడ్డాను. ప్రియ కవర్ల దగ్గర అటు తిరిగి నిలబడింది. ఆ పిల్ల చెవులు ఎర్రబడి ఉన్నాయి.

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కౌంటరు వైపు తిరిగింది.

"భయ్యా, బచ్చీ జో బోల్తీ హై, వహీ దే దో." పిల్ల ఏదడిగితే అదే ఇచ్చెయ్యమంది.

కళ్లజోడాయన కళ్లెత్తకుండా, సిమ్ము ఎవరి పేరు మీద అని అడిగాడు. ఇలాంటి చోట పెద్దవాళ్ల పేరు మీదే తీసుకుంటారు, నేనూ ఆవిడ ఆధార్ కార్డే సంచిలో పెట్టుకొచ్చాను.

"ఇస్కా నామ్. ఇస్కా అంగూఠా. దీని పేరే, దీని వేలే" అని, నాచేత నా ఆధార్ నంబరు చెప్పించి, నా చెయ్యి పట్టుకుని వేలిముద్ర యంత్రం మీద పెట్టించింది.

ఇంటికి నడిచొస్తుంటే దారిలో ఎవర్నీ ఆపలేదు, ఎవరి సిమ్మూ అడగలేదు. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. సర్కారు సిమ్మే తీసుకోవాల్సింది పెద్దమ్మా అన్నాను, చేతకాని మాట. "ఊరుకో. సెలవులకెల్లినప్పుడు పలక్కపోతే అప్పుడు చూద్దాం" అంది. పచ్చిమిరపకాయలు కొనడం మర్చిపోయానని వెనక్కి వెళ్లింది. నేను రోడ్డు పక్కన నిలబడి ఆవిడ వీపు చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రానికి సిమ్ము పనిచెయ్యడం మొదలైంది. చీకటి పడకముందే నా ఫోను మోగింది. షాపు గుమ్మం దగ్గర నా కొత్త నంబరు అడిగి తీసుకున్నది ప్రియే కాబట్టి ప్రియే చేసింది. అసైన్‌మెంటు గురించి అడుగుతోంది, షాపు ఊసెత్తడం లేదు, మాటల మధ్య ఊరికే ఆగిపోతోంది. పెద్దమ్మ వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ ఇంట్లో చెవికి ఫోను ఆనించి మాట్లాడడానికి నాకు మొహం చెల్లలేదు. నేరుగా వరండాలోకి వచ్చి, ఆవిడ పక్కనే నిలబడి, స్పీకరు పెట్టాను. అలా చేస్తే ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఏదో తీర్చేస్తాననుకున్నాను.

పెద్దమ్మ తలెత్తి నన్ను చూసింది. అంత కోపం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"సిగ్గు లేదేటే నీకు? వీధిలో నిలబడి మాటాడతావేటి? లోపలికెల్లు. ఎల్లి తలుపేసుకో."

కదలకుండా నిలబడితే లేచి, రెక్క పట్టుకుని గదిలోకి తోసి, తనే బయటినుంచి తలుపు దగ్గరగా లాగేసింది. ఆ గది తలుపు పగలు వెయ్యగా నేను చూడడం అదే మొదటిసారి. నేను స్పీకరు ఆపి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. ఇంతలో ఎదురింటి మామ్మ గొంతు వినిపించింది. ముప్పై ఏళ్లుగా అదే అరుగు మీద కూర్చుంటున్న మనిషి, పెద్దమ్మని వీధిలోకి లాగిన రోజున కూడా అక్కడే కూర్చుని ఉండాలి.

"తలుపేసుకుని ఎవరితోనే మాటలు, మీ గుంట?"

పెద్దమ్మ వీధంతా వినేలా చెప్పింది.

"నాకేటి తెలుసు. దాని ఫోను, దాని మాట. నేనడగలేదు. నువ్వూ అడక్కు."

చెవిలో ప్రియ, వినిపిస్తోందా, వినిపిస్తోందా అని అడుగుతోంది. తలుపేసి ఉంది. నేను ఎంత చిన్న గొంతుతోనైనా మాట్లాడుకోవచ్చు. సిగ్గుతో ఫోనుని చెవికి గట్టిగా అదుముకుని, గోడ వైపు తిరిగాను.